తెర మాత్రమే ఆర్పాను

చిరంజీవి చెల్లాయికి,

మన ఇంటి రేడియోకి అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను, పిల్లి ముగ్గురం కులాసాగానే ఉన్నాం. నువ్వూ నీ రూమ్మేటు నర్సమ్మా అక్కడ బాగున్నారని నీ ఉత్తరం చూశాక అమ్మ మనసు కుదుటపడింది. ఆ ఉత్తరం నాలుగు రోజులుగా అమ్మ దిండు కిందే ఉంది. నాకు కావలసినప్పుడల్లా అడుక్కుని తెచ్చుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. నా ఉత్తరం వచ్చిన రోజు మంచం మీద బాసింపట్టు వేసుకుని మీ నర్సమ్మకి పైకి చదివి వినిపిస్తానని రాశావు కదా. ఇప్పుడు నువ్వు పైకి చదివేది ఆ ఒక్కటేనట. ఆవిడ నవ్వుతుందని తెలిసి నేనూ కాస్త ఉప్పూ కారం దట్టించి రాస్తున్నాను. ఈసారి మాత్రం అలా చేయకు. ముందు నువ్వొక్కదానివే మనసులో చదువుకో. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నువ్వడిగిన వాటికి వరసగా జవాబు చెప్తాను. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. డాక్టరు మెట్లెక్కొద్దన్నారు. అమ్మ రోజుకు రెండుసార్లు డాబా మీదికి వెళ్తూనే ఉంది. గట్టిగా అడిగితే, "ఎక్కొద్దన్నాడు గానీ దిగొద్దన్నాడా?" అంటుంది. ఎక్కకుండా ఎలా దిగుతావమ్మా అంటే, "నీతో మాట్లాడ్డం కంటే మెట్లెక్కడమే నయం" అని మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. నువ్వు పంపిన మోకాలి పట్టీ మాత్రం రోజూ కట్టుకుంటోంది. ఇంటికి ఎవరొచ్చినా చీర కాస్త పైకి జరిపి, "మా అమ్మాయి పంపింది" అని చూపిస్తోంది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన ఆయనక్కూడా చూపించింది.

పిల్లి సంగతి అడిగావు. మూడు పిల్లల్ని పెట్టింది. ఎక్కడనుకున్నావు, బీరువా అడుగు అరలో నీ బొంతల్లో. అప్పట్లో నువ్వు చదువుకోవడానికి గోడల చుట్టూ కట్టుకున్న బొంతలే. అమ్మ వాటిని ఉతికి, మడతపెట్టి, ఎవరూ తీయకుండా దాచింది. పిల్లి తలుపు సందులోంచి దూరి వాటిని సొంతం చేసుకుంది. అమ్మ తిట్టబోయి, పిల్లల్ని చూసి ఊరుకుంది.

ఇక నీ మూడో ప్రశ్న. "నీ పిండిమర గోల తగ్గిందా అన్నయ్యా? ఫోన్లో నీ మాట కంటే దాని మాటే ఎక్కువ వినిపిస్తోంది" అని రాశావు. తగ్గింది. ఎలా తగ్గిందో చెప్తాను. అది చెప్పాక నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది. ఉత్తరం మొదట్లోనే రాసేద్దామని రెండు కాగితాలు చించేశాను. నాకు అంత ధైర్యం లేదు, అందుకే ఈ దారిన వస్తున్నాను. కాస్త ఓపిక పట్టు.

నా పని నీకు కొత్త కాదు. ఇంకా కట్టని ఇళ్ళకి కిటికీలు పెట్టి, ఎండ పడేలా చేసి, వాకిట్లో ఒక సైకిలు నిలబెట్టి, కట్టేసినట్టే చూపించే బొమ్మలు తయారుచేయడం. ఆ ఎండా నీడా అంతా కలిపి చివరి బొమ్మ తీసేటప్పుడు కంప్యూటర్లో ఉండే గ్రాఫిక్స్ కార్డు మీద భారమంతా పడుతుంది. అది వేడెక్కుతుంది, దాని ఫ్యాన్లు గొంతు చించుకుంటాయి. నీ భాషలో అదే పిండిమర, మన అమ్మ భాషలో బొమ్మ ఉడకడం. ఈ ఏడాది ఆ గోల మరీ ఎక్కువైంది. ఒక ఇంజనీరు ఫోన్ చేసి, "బస్సులో ఉన్నట్టున్నారు, దిగాక మాట్లాడదాం లెండి" అని పెట్టేశాడు. నేను కుర్చీలోంచి కదల్లేదు.

మొదట నేను చేసిన తెలివైన పని వింటే నవ్వుతావు. నీ బొంతల్లో ఒకటి తెచ్చి కంప్యూటర్ క్యాబినెట్ మీద కప్పాను. శబ్దం బయటికి రాకపోతే చాలు కదా అనుకున్నాను. అమ్మ చూసి, "దానికేమైనా జ్వరమా, దుప్పటి కప్పావు?" అంది. వేడెక్కుతోందమ్మా, అందుకే అరుస్తోంది అన్నాను. "జ్వరమొస్తే కప్పకూడదురా, విప్పాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పది నిమిషాలకి ఆ మెషిన్ ఇల్లెగిరిపోయేలా అరిచి, టప్పున ఆగిపోయింది. సగం ఉడికిన బొమ్మ కాస్తా పోయింది. ఇన్నేళ్ళుగా కంప్యూటర్లతో బతుకుతున్న నాకు లేని జ్ఞానం అమ్మకి ఉంది.

ఆ తర్వాత క్యాబినెట్‌ని గదిని రెండుగా చేసే బీరువా అవతలికి, అంటే నీ సగం గదిలోకి, మార్చాను. అప్పుడు నాకు హాయిగానే ఉంది, అక్కడ పడుకునే అమ్మకి నిద్ర లేదు. ఇంటర్నెట్లో ఎవరో చెప్పారని దాని కింద మందపాటి తువ్వాలు పరిచాను. బల్ల అదరడం తగ్గింది, గోల తగ్గలేదు. ఇక లాభం లేదని కార్డు ఊడదీసి, సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకి పట్టుకెళ్ళాను.

ఆ షాపాయన సన్నగా, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంటాడు. మాట్లాడేటప్పుడు మనిషి ముఖం చూడడు, చేతిలో ఉన్న వస్తువు ముఖమే చూస్తాడు. మరలు విప్పి, పై మూత తీశాడు. లోపల రేకుల మధ్య దుమ్ము మెత్తగా పేరుకుపోయి ఉంది.

"ఎన్నాళ్ళైంది సార్ తుడిచి?"

"తుడవాలని తెలీదండి."

"దీంతో చిన్న దిండు కుట్టించుకోవచ్చు." బ్రష్షుతో, గాలితో అదంతా తీశాడు. చిప్పు మీద వేడి లాగడానికి పూసిన పేస్టు ఎండి పెచ్చులు లేచిపోయింది. అది గీకేసి కొత్తది పూశాడు. పూస్తూనే చెప్పాడు, "ఫ్యాను ఊరికే అరవదు సార్. లోపల కాలిపోతుంటే అరుస్తుంది. అందరూ వచ్చి గోల తగ్గించమంటారు. వేడి తగ్గించమని ఎవరూ అడగరు."

తర్వాత రెండు ఫ్యాన్లలో ఒకదాన్ని వేలితో తిప్పాడు. మెత్తగా తిరిగి ఆగింది. రెండోదాన్ని తిప్పి, కార్డు మొత్తం ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు.

"ఇది వినండి. బేరింగు అరిగిపోయింది. ఇప్పటిది కాదు, మూడు నాలుగేళ్ళ నుంచీ అరుగుతూనే ఉండుంటుంది. వేడెక్కే కొద్దీ స్పీడు పెరుగుతుంది, స్పీడు పెరిగే కొద్దీ ఈ గరగర పెరుగుతుంది."

చెల్లీ, ఆ మాట తర్వాత ఇంకేమీ నా బుర్రకెక్కలేదు. షాపాయన ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతున్నాను. గరగర, సాగే కొద్దీ పెరగడం. ఈ రెండు మాటలూ నేను మూడేళ్ళ కిందట ఒక కాగితం మీద చదివాను. నువ్వూ చదివావు.

ఆయన ఫ్యాన్లు రెండూ మార్చాడు. ఎంత వేడికి ఎంత స్పీడు తిరగాలో మనమే గీత గీసి చెప్పొచ్చట, అది నేర్పాడు. కార్డుకి వెళ్ళే కరెంటు కూడా కొద్దిగా తగ్గించి చూపించాడు. "ఇరవై నిమిషాల్లో అయ్యే బొమ్మకి ఇప్పుడు ఇరవై మూడు పడుతుంది సార్. ఆ మూడు నిమిషాల కోసమే ఇన్నాళ్ళూ అది అంతలా అరిచింది" అన్నాడు. మూడు నిమిషాలు. ఇంటికొచ్చేదాకా ఆ మాటే నా చెవిలో తిరిగింది.

కార్డు బిగించి, పెద్ద బొమ్మ ఒకటి ఉడకపెట్టాను. ఇల్లంతా నిశ్శబ్దం. బీరువాలో పిల్లిపిల్లల కిచకిచ వినిపించింది, వంటింట్లో కుళాయి చుక్క చుక్క పడడం వినిపించింది. అమ్మ పరుగున వచ్చింది. "చచ్చిపోయిందా ఏంట్రా?" లేదమ్మా, పనిచేస్తోంది, చూడు అని తెర చూపించాను. అమ్మ చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. ఆవిడకి ఏ సంగతీ తెలీదు. మామూలుగానే అంది, "రేడియో ఉన్నప్పుడే ఈ పని చేయించి ఉంటే పిల్లకి ఎంత హాయిగా ఉండేదిరా."

నేను తల వంచుకుని మరలున్న డబ్బా సర్దుకున్నాను.

ఇప్పుడు చెప్తాను.

చూపులేని పిల్లలకి పాఠాలు చదివి దాచిపెట్టే శబ్ద గ్రంథాలయం వాళ్ళు గొంతులు కావాలని అడిగిన రోజు నీ ముఖం నాకింకా గుర్తుంది. అక్షరాలు వచ్చినప్పటి నుంచీ కనబడ్డదల్లా పైకి చదివే పిల్లవి. షాపుల బోర్డులు, మందు సీసాల మీది చీటీలు, అమ్మ చీరల అట్టపెట్టెల మీది రాతలు, ఏదీ వదిలేదానివి కాదు. నాన్న ఉన్నన్నాళ్ళూ "రేడియో ఆన్ అయింది" అని నవ్వేవారు. నీకు లోకంలో ఒక పని రాసిపెట్టి ఉంటే అది ఆ పనే. ఆ సంగతి నీకంటే నాకే బాగా తెలుసు.

మూడు నమూనాలు పంపమన్నారు. మధ్యాహ్నం వీధి సద్దుమణిగే వేళ చూసి నీ సగం గదిలో బొంతలు కట్టావు. సీలింగు ఫ్యాను ఆపావు, ఫ్రిజ్ తీగ పీకావు, గోడ గడియారం తీసుకెళ్ళి డాబా మీద పెట్టావు. అమ్మని తలుపు దగ్గర కాపలా కూర్చోబెట్టావు. చెమటలు కారుతుంటే మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకున్నావు. అన్నీ అయ్యాక బీరువా పక్క నుంచి తొంగి చూసి అడిగావు, "అన్నయ్యా, ఒక్క గంట కంప్యూటర్ ఆపుతావా?"

"ఆపేశాను తల్లీ, ఇక కానివ్వు" అన్నాను.

నువ్వు చూసినప్పుడు తెర నల్లగా ఉంది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు తల ఊపి బొంత వెనక్కి వెళ్ళిపోయావు.

తెర మాత్రమే ఆర్పాను. మెషిన్ ఆపలేదు.

ఒక ఇంజనీరుకి ఆ సాయంత్రానికి బొమ్మలు కావాలి. ఒక గంట ఆలస్యమవుతుందని చెప్తే ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. ఆ ఒక్క మాట అడగడానికి నాకు బద్ధకం. బల్ల కింద ఉన్న డబ్బా కాస్త గుర్రుమంటే ఏమవుతుందిలే అనుకున్నాను. బొమ్మని ఎక్కించి, తెర ఆర్పి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. కార్డు వేడెక్కడానికి అయిదారు నిమిషాలు పట్టేది. ఆ లోపు నువ్వు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని చదువులో పడిపోయేదానివి. మొదటి నమూనాకి అలా చేశాను. రెండోదానికీ అలాగే చేశాను. మూడోదానికీ అంతే.

మూడో రోజు మధ్యలో హెడ్‌ఫోన్లు తీసి, "ఏదో చప్పుడొస్తోంది అన్నయ్యా, నీదేనా?" అని అడిగావు. నా నోటికి ఏదొస్తే అది అన్నాను. "పక్కింటి నీళ్ళ మోటారు" అన్నాను. నువ్వు చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళి, ఆ పిన్నిగారిని బతిమాలి, వాళ్ళ మోటారు ఆపించావు. నువ్వు తిరిగొచ్చేలోపు నా బొమ్మ అయిపోయింది, ఫ్యాన్లు వాటంతటవే నెమ్మదించాయి. "మోటారే అన్నయ్యా, ఆపగానే పోయింది. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అని సంబరపడ్డావు. ఆ తర్వాత నువ్వు మళ్ళీ చదవడం మొదలుపెట్టగానే నేను రెండో బొమ్మ ఎక్కించాను. ఇది రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

గ్రంథాలయం మేడమ్ రాసిన జవాబు నీకు కంఠతా వచ్చు. నాకూ వచ్చు. "చదివే తీరు చాలా బాగుంది. కానీ కంఠంలో సన్నని గరగర ఉంది. పాఠం సాగే కొద్దీ పెరుగుతోంది. మాటలు లేని చోట వినిపించడం లేదు కనుక గదిలోని శబ్దం కాదనుకుంటున్నాం. ఒకసారి గొంతు పరీక్ష చేయించుకోండి."

ఆవిడ తప్పేమీ లేదు. మాటలు లేని చోట వినిపించకపోవడానికి కారణం నేనే. నీ రికార్డింగుకి సాఫ్ట్‌వేర్ ఎక్కించింది నేను. నువ్వు మాట్లాడని ప్రతిచోటా శబ్దాన్ని అదే కోసేసేలా, ఏదో గొప్ప పని చేస్తున్నట్టు, సర్దిపెట్టిందీ నేనే. కాబట్టి నువ్వు నోరు తెరిచినప్పుడే గరగర వినిపించేది, నోరు మూస్తే పోయేది. వింటే ఎవరికైనా గొంతులోనే ఉందనిపిస్తుంది. నువ్వూ విని, "నిజమే అన్నయ్యా, నా గొంతులోనే ఉంది" అన్నావు.

నాకు తెలియదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆ ఉత్తరం చదవగానే నాకు అనుమానం వచ్చింది. తీర్చుకోవడం ఎంతసేపు? మెషిన్ నిజంగా ఆపి, నీ చేత ఒక పేజీ చదివించి వింటే అయిపోయేది. అలా చేస్తే నేను ఆపలేదని నీకు తెలిసిపోతుంది. అందుకని ఊరుకున్నాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నువ్వు ఆ కాగితం పట్టుకుని నిలబడితే నేనేమన్నానో గుర్తుందా? "గొంతు అలిసిపోతోందేమోరా, కొన్నాళ్ళు చదవడం ఆపెయ్" అన్నాను. నీ గొంతుకి రోగం అంటగట్టింది మేడమ్ కాదు, నేనే.

గొంతు డాక్టరు ఏమీ లేదన్నా నువ్వు నమ్మలేదు. అన్నయ్య కూడా విన్నాడు కదా అన్నావు. వేడినీళ్ళు తాగావు, చల్లటివి మానేశావు, గట్టిగా నవ్వడం మానేశావు. పార్సెళ్ళ గోదాములో చీటీలు అంటించే పని దొరికిందని, అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని, అదే నయమని వెళ్ళిపోయావు. నిన్ను ఎక్కించడానికి నేనొచ్చాను. బస్సు ముందు నిలబడ్డాం. నువ్వు బస్సు మీది బోర్డు కూడా పైకి చదవలేదు. చూసి, ఊరికే ఎక్కేశావు. నేను కిటికీ దగ్గర నిలబడి జాగ్రత్తలు చెప్పాను. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పాను.

రిపేరు షాపు నుంచి వచ్చిన మర్నాడు నీ పాత ఫైళ్ళు వెతికాను. "రేడియో" అని పేరు పెట్టి ఉంది. కోసి శుభ్రం చేసినవి ఒకచోట, కోయకముందు అసలువి ఇంకోచోట ఉన్నాయి. అసలువి మనం ఎప్పుడూ వినలేదు. మూడో నమూనా పెట్టాను. మొదటి పేజీ అంతా నీ గొంతు ఒక్కటే, అద్దంలా ఉంది. రెండో పేజీ సగంలో మొదలైంది ఆ గరగర. నువ్వు పేజీ తిప్పావు, మాట లేదు, అది ఉంది. మంచినీళ్ళు తాగావు, గుటక వినిపించింది, దాని వెనక అది ఉంది. నువ్వు నోరు మూసుకుని ఉన్నంతసేపూ అది హాయిగా తిరుగుతూనే ఉంది. నీ గొంతులో ఏమీ లేదు చెల్లీ. ఎన్నడూ లేదు.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ చప్పుడేంట్రా? అప్పుడు ఆపావుగా?"

"తెర ఆపానమ్మా."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నీ మంచం మీద కూర్చుని మోకాలి పట్టీ విప్పి, మళ్ళీ కట్టుకుంది. నేను ఏదో చెప్పబోతే ఆపేసింది. "నాకు చెప్పి ఏం లాభం? నా గొంతు పాడైందనుకుని నేనేమైనా నోరు మూసుకుని కూర్చున్నానా? దానికి చెప్పు. ముందు దానికి చెప్పు."

మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ నీళ్ళు నమిలాను. మొదటిసారి పిల్లి సంగతి చెప్పాను, రెండోసారి మోకాలి సంగతి చెప్పాను, మూడోసారి అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాను. నువ్వు "ఏంటన్నయ్యా, బాగానే ఉన్నావా?" అన్నావు. అంతలో నీ ఉత్తరం వచ్చింది. అందులో చివర రెండు లైన్లు ఏదో చిన్న విషయంలా రాశావు. నర్సమ్మ తమ్ముడికి చూపు లేదట, నువ్వు ఆవిడకి చదివి వినిపించడం విని ఆవిడే అక్కడి శబ్ద గ్రంథాలయానికి లాక్కెళ్ళిందట, ఒక అధ్యాయం చదివి పంపమన్నారట. "నా గొంతు సంగతి నాకు తెలుసు కదా అన్నయ్యా. ఇరవయ్యో తేదీన వెళ్ళి, కుదరదని మర్యాదగా చెప్పేసి వస్తాను" అని రాశావు. ఆ లైను చదివాక ఇక నాకు దాక్కోవడానికి చోటు లేదు.

వెళ్ళు. కుదురుతుందని చెప్పు.

ఈ ఉత్తరంతో చిన్న మెమరీ కార్డు పంపుతున్నాను. అందులో నీ అసలు ఫైళ్ళు మూడూ ఉన్నాయి, ఏమీ కోయలేదు. నాలుగోది అమ్మది. బల్ల కింద బొమ్మ ఉడుకుతుండగానే, బొంతలూ గింతలూ లేకుండా, అమ్మ చేత మందు సీసా చీటీ చదివించి రికార్డు చేశాను. ఒక్క గరగర లేదు. అమ్మ మధ్యలో తడబడి, "ఇది నా వల్ల కాదురా, రేడియోనే చదవాలి" అంది. అది కూడా ఉంది. ఇక్కడి గ్రంథాలయం మేడమ్‌కి కూడా జరిగింది జరిగినట్టు నా పేరుతో రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ మూడేళ్ళు నేను తెచ్చివ్వలేను. ఈపాటికి నువ్వు ఎన్ని పాఠాలు చదివి ఉండేదానివో, ఎంతమంది పిల్లలు నీ గొంతు గుర్తుపట్టేవారో లెక్కేద్దామని కూర్చుని, వేయలేక లేచాను. క్షమించమని అడగను. తిట్టు. పైకి తిట్టు, గట్టిగా తిట్టు. ఆ వంకతోనైనా నీ గొంతు బయటికి వస్తుంది.

ఇంకొక్కటి మిగిలింది. మూడో ఫైలు మొదట్లో, నువ్వు చదవడం మొదలుపెట్టకముందు, కొన్ని మాటలున్నాయి. సాఫ్ట్‌వేర్ కాదు, నువ్వే వాటిని తీసేసి పంపావు. అమ్మకి ఇవి నేను పెట్టి వినిపించలేదు. నేనొక్కణ్ణే విన్నాను, చాలాసార్లు విన్నాను. గుసగుసగా అంటున్నావు, "అమ్మా, తలుపు మెల్లగా వెయ్. అన్నయ్య పాపం నాకోసం పనంతా ఆపుకుని కూర్చున్నాడు. తొందరగా ముగించేయాలి."

ఆ మాటల కిందే, పదేపదే వింటే గానీ తెలియనంత సన్నగా, అప్పుడప్పుడే వేడెక్కుతూ, నా ఫ్యాను వినిపిస్తోంది.

మొదట్లో ఒక మాట అన్నాను కదా, మనసులో చదువుకోమని. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నర్సమ్మని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఉత్తరం మొదటి అక్షరం నుంచీ పైకి చదువు. నేను తెర ఆర్పిన చోట, మోటారు అని అబద్ధం చెప్పిన చోట, అన్నయ్య కదా అని జాలిపడి గబగబా దాటెయ్యకు, నింపాదిగా చదువు. అంతా అయ్యాక ఆవిడని ఒక్కటే అడుగు, ఇంతసేపు చదివాను, నా గొంతులో గరగర ఎక్కడైనా వినిపించిందా అని. ఆవిడ ఏమంటుందో ఇరవయ్యో తేదీన వెళ్ళి అదే చెప్పు.

ఇట్లు,
తెర ఆర్పి మెషిన్ ఆపని
నీ అన్నయ్య